కామేశ్వరిగారి గుడ్డ సంచి

మొన్న తణుకు దగ్గర ఒక పెళ్ళికి వెళ్ళి రైల్లో తిరిగి వస్తున్నాం. ఎదురు బెర్తు మీద కూర్చున్న చిన్న వయసు దంపతులు స్టీలు డబ్బా మూత తీశారు. పెరుగన్నం, అందులోకి మాగాయ. మా కృష్ణా జిల్లా ఇళ్ళలో మాగాయ పెట్టని వేసవి ఉండదు కాబట్టి ఆ వాసన నాకు కొత్త కాదు. కానీ ఆ డబ్బాలోంచి వచ్చినదాంట్లో ఇంగువ తక్కువ, వేయించిన మెంతిపిండి ఒక పిసరు ఎక్కువ. ఆ పాళ్ళలో కలిపే మనిషి నాకు తెలిసి ఒక్కరే. ఏసీ బోగీలో కూర్చున్న నాకు ఒక్కసారిగా ఒళ్ళు వేడెక్కింది. నా ముఖం చూసి ఆకలేస్తోందనుకుని మా ఆయన సంచిలోంచి బిస్కెట్లు తీయబోయారు. వద్దన్నాను. అరవై దాటిన ఆడదానికి, ఈ లోకంలోనే లేని పొరుగింటావిడ మీద ఇంకా కుళ్ళు పుట్టుకొస్తోందని నలుగురున్న బోగీలో ఎలా చెప్పను?

ఆవిడ పేరు కామేశ్వరిగారు. ఎనభైల్లో నూజివీడులో వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. నాకంటే పదేళ్ళు పెద్ద. సన్నగా, పొడుగ్గా ఉండేది. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. వాళ్ళాయన ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు. మా ఆయన ఆవిణ్ణి అక్కయ్యగారూ అని పిలిచేవారు కాబట్టి నాకు వదినగారు, మా పిల్లలకి అత్తయ్య అయింది. మాది మామిడికాయల వ్యాపారం. వేసవి వచ్చిందంటే తోటల నుంచి వచ్చే బళ్ళు, ఢిల్లీ వెళ్ళే లారీలు, గడ్డి, బుట్టలు, కూలీల కేకలతో మా వాకిట్లో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఆ రెండు మూడు నెలల్లో మా చేతుల మీదుగా ఆడే డబ్బు ముందు మాస్టారి జీతం ఏ మూలకీ రాదు. అయినా ఏటా సెలవులివ్వగానే రిక్షాలో పెట్టె, మరచెంబు పెట్టుకుని ఏదో ఒక ఊరికి బయల్దేరేది వాళ్ళే. ఒక ఏడు భద్రాచలం, ఒక ఏడు శ్రీశైలం, ఒక ఏడు హైదరాబాదు. వెళ్ళినవాళ్ళు వారం పది రోజులకి ఎండకి నల్లబడి నవ్వుకుంటూ దిగేవాళ్ళు. అప్పు చేసి తిరిగొచ్చారన్న మాట ఎవరి నోటా వినలేదు. నేను గోడ దగ్గర నిలబడి వాళ్ళు సామాను దించుకోవడం చూస్తూ, బాగా జరిగిందా వదినగారూ అని నవ్వుతూ అడిగేదాన్ని. లోపల మాత్రం కడుపు మండేది.

మా ప్రయాణాల సంగతి వేరు. సీజను అయిపోయి వానలు పడ్డాక, పిల్లల చేత బడి మానిపించి వెళ్ళాలి. మా ఆయన చేతికి ఎముక లేదు. ఒకసారి తిరుపతి వెళ్ళినప్పుడు రైల్లో పరిచయమైనవాళ్ళకి కూడా టిఫిన్లు తానే ఇప్పించారు. కొండ మీద కనిపించిన ప్రతి వస్తువూ బేరం లేకుండా కొన్నారు. నేను కొన్నది రెండు ఇత్తడి కుందులు మాత్రమే. తిరుగు ప్రయాణంలో బెజవాడ స్టేషనులో దిగేసరికి నూజివీడు బస్సుకి డబ్బుల్లేవు. పిల్లల్ని ఈడ్చుకుంటూ వన్‌టౌన్‌లో తెలిసిన వ్యాపారి ఇంటికి వెళ్ళి, వాళ్ళు పెట్టిన భోజనం తలొంచుకుని తిని, చేబదులు పుచ్చుకుని ఇల్లు చేరాం. మా అత్తగారు గుమ్మంలోనే ఏం జరిగిందని అడిగారు. మా ఆయన నవ్వేసి, "మీ కోడలి ఇత్తడి బేరాలమ్మా!" అన్నారు. సరదాకే అన్నారు. కానీ ఆ మాట అక్కడితో ఆగలేదు. సుశీల చేతిలో డబ్బు నిలవదని మా ఇంట్లో ఖాయమైపోయింది. ఆ తర్వాత కూరగాయల డబ్బులకి కూడా నేను మా అత్తగారి ముందు చెయ్యి చాపాల్సి వచ్చేది. ఆవిడ ఎదుట కాదనలేక, మా ఆయనతో దెబ్బలాడలేక, ఆ కోపమంతా గోడ అవతల ఉన్న కామేశ్వరిగారి మీదికి మళ్ళింది. ఆవిణ్ణి చూసి నేర్చుకో అని మా ఇంట్లో రోజుకొకసారైనా ఎవరో ఒకరు అనేవారు మరి.

మరుసటి వేసవిలో మా పద్మకి సముద్రం పిచ్చి పట్టుకుంది. దానికప్పుడు ఏడెనిమిదేళ్ళుంటాయి. మాస్టారివాళ్ళు విశాఖపట్నం వెళ్తున్నారని, లలిత సముద్రంలో స్నానం చేస్తుందని ఇంట్లో ఒకటే పోరు. లలిత కామేశ్వరిగారి కూతురు, పద్మకి ప్రాణ స్నేహితురాలు. మంచి సీజను, మా ఆయన కదలడానికి లేదు. ఒక సాయంత్రం నన్నూ, పద్మనీ, చిన్నవాడు బుజ్జినీ వాళ్ళతో పంపడానికి మాట్లాడి వచ్చారు. నాకు సంతోషమే. నాకూ సముద్రం చూడాలనుంది. బయల్దేరే ముందు రోజు మాస్టారి అరుగు మీద అందరం కూర్చుని ఉండగా మా ఆయన చొక్కా జేబులోంచి కవరు తీశారు. నేను చెయ్యి చాపబోయాను. ఆయన నన్ను దాటి వెళ్ళి కామేశ్వరిగారి ముందు పెట్టారు.

"అక్కయ్యగారూ, వీళ్ళ ఖర్చులకి ఇది మీ దగ్గరుంచండి. మా ఆవిడ చేతిలో పెడితే హనుమాన్ జంక్షన్ దాటకుండానే అయిపోద్ది."

మాస్టారు ఇబ్బందిగా నవ్వారు. అరుగు మీద చేరిన ఇరుగుపొరుగు కూడా నవ్వారు. కామేశ్వరిగారు మాత్రం నవ్వలేదు, కవరు ముట్టుకోనూ లేదు. నా వైపు చూసి, "ఏమంటావు సుశీలా?" అని అడిగింది. నలుగురిలో ఏమంటాను? "మీ దగ్గరే ఉండనివ్వండి వదినగారూ" అని నవ్వాను. ఆ నవ్వు నవ్వడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. కట్టుకున్న మొగుడు నన్ను కాదని ఇంకో ఆడదాని చేతికి డబ్బిస్తే, ఆ ఆడది నీకిష్టమేనా అని నన్నే అడిగింది. ఇంటికొచ్చాక పెట్టె సర్దుతూ సర్దుతూ ఆవిడ మంచితనాన్ని తిట్టుకున్నాను.

ప్రయాణం ఖర్చులకి ఆవిడకి ఒక పద్ధతి ఉండేది. రవిక ముక్కలతో రోజుకొకటి చొప్పున చిన్న సంచులు కుట్టేది. ఏ రోజు డబ్బు ఆ రోజు సంచిలో. అన్నిటినీ పెద్ద గుడ్డ సంచిలో వేసి, దాని తాడు నడుముకి కట్టుకుని చీర లోపలికి దోపుకునేది. తిరుగు టిక్కెట్ల డబ్బు వీటిలో కలపకుండా మాస్టారి బనీను జేబులో పిన్నీసు పెట్టేది. మా డబ్బుకి కూడా విడిగా సంచులు కుట్టింది. అందుకోసం ముందే నా దగ్గర ఒక రవిక ముక్క అడిగి తీసుకుంది, ఎందుకో నాకప్పుడు తెలియలేదు. వాళ్ళవి తెల్లవి, మావి ఎర్రవి. ఏలూరులో రైలెక్కాక ఆవిడ ఎర్ర సంచి తీసి మా పిల్లలకి ఇడ్లీలు కొనిపెడుతుంటే, నా రవిక గుడ్డలోంచి నా మొగుడి డబ్బు ఆవిడ వేళ్ళతో బయటికి రావడం కళ్ళారా చూస్తూ కూర్చున్నాను.

ఒక్క విషయంలో మాత్రం నాది పైచేయి. నేను ఒక బుట్ట మామిడికాయలు తెచ్చాను. మా కొట్టులో పుట్టి పెరిగినట్టే బతికినదాన్ని, ఏ కాయ ఏ రోజుకి పండుతుందో చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. అడుగున గట్టికాయలు, మధ్యన దోరవి, పైన ముగ్గినవి, మధ్య మధ్యన గడ్డి పరిచి పేర్చాను. మొదటి రోజు పై వరస రసాలు, మర్నాడు దాని కింది వరస, అలా రోజూ సాయంత్రానికి పిల్లలందరికీ సరిపోయే పళ్ళు సరిగ్గా తయారయ్యేవి. కామేశ్వరిగారు బుట్టలో చెయ్యి పెట్టి చూసి ఆశ్చర్యపోయింది. "ఇదెలా కుదిరింది సుశీలా? నేను కొంటే అన్నీ ఒకే రోజు పండి పాడవుతాయి" అంది. ఏదో లెండి వదినగారూ అని ఊరుకున్నాను. చెప్పడానికి ఏముంది, రెండు నిమిషాల పని. కానీ చెప్పలేదు. ఆవిడకి తెలియనిదంటూ ఒకటి నా దగ్గర ఉండటం ఎంత హాయిగా ఉండేదో! ఆవిడ మాత్రం మాస్టారితో, "సాయంత్రం ఫలహారం ఖర్చు మనకి లేకుండా సుశీల బుట్టే చూసుకుంటోందండీ" అని పైకే అంది. అదీ నాకు గిట్టలేదు. నా గొప్ప కూడా ఆవిడ నోటితో చెప్తేనే నలుగురికీ వినపడుతోంది.

విశాఖలో సత్రంలో దిగాం. ఒకే గది, మధ్యలో చీర తెర కట్టుకుని రెండు కుటుంబాలూ సర్దుకున్నాం. ఆవిడ పద్ధతిలో రెండోది ఇక్కడ బయటపడింది. ఏ బజారుకి వెళ్ళినా మొదటి రోజు చూడటమే, కొనడం లేదు. పిల్లలు లక్క బొమ్మల దగ్గరో, గవ్వల అద్దాల దగ్గరో నిలబడి ఇది కావాలి అంటే కసురుకునేది కాదు. వంగి ఆ వస్తువు తానూ చేతిలోకి తీసుకుని చూసేది. "బాగుంది. రేపు కూడా కావాలనిపిస్తే రేపొచ్చి కొందాం" అనేది. మర్నాడు పొద్దున్నే గుర్తు చేసి మరీ అడిగేది. సగం సార్లు పిల్లలకి ఆ వస్తువు గుర్తే ఉండేది కాదు. గుర్తుంటే మాత్రం, ఎంత దూరమైనా తీసుకెళ్ళి కొనిపెట్టేది. నా మాట గోడకి చెప్పినట్టుండే పద్మ, ఆవిడ మాటకి బుద్ధిగా తలూపేది. అంతటితో ఆగకుండా, బుజ్జి బెలూను కోసం రోడ్డు మీద పడి దొర్లుతుంటే, "రేపు అడుగు బుజ్జీ, అత్తయ్య కొంటుంది" అని వాడికి సర్ది చెప్పింది. అమ్మ కొంటుంది అనలేదు. ఇసకలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, ఎదురుగా అంత సముద్రం ఉంటే, నేను ఆ ఒక్క మాటనే తలుచుకుంటూ ఉండిపోయాను.

మూడో రోజు పూర్ణా మార్కెట్ దగ్గర ఒక బట్టల కొట్టులో మామిడి చిగురు రంగు చీర వేలాడుతోంది. మా వైపు మాఘమాసంలో తోటల్లో కొత్తాకు వేసేటప్పుడు రాగి రంగు ఉంటుంది చూడండి, అచ్చంగా అదే. సన్నటి జరీ అంచు. చూడగానే అది నాదనిపించింది. ధర అడిగాను, బేరమాడాను, కొట్టువాడు దిగొచ్చాడు. వెనక్కి తిరిగి, "వదినగారూ, డబ్బు ఇలా ఇవ్వండి" అన్నాను.

"చాలా బాగుంది సుశీలా. రేపొద్దున వద్దామా?"

అలవాటు కొద్దీ అంది, అంతే. కానీ నాకు నెత్తిన నిప్పులు పోసినట్టయింది. కొట్టువాడు నా వైపూ ఆవిడ వైపూ చూస్తున్నాడు. అత్తగారి ముందు చాపిన చెయ్యి, అరుగు మీది నవ్వులు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"నేనేం పిల్లనా రేపు కొనిపెట్టడానికి? నా మొగుడి డబ్బు నేను మిమ్మల్ని అడుక్కోవాలా?" అన్నాను. గొంతు పెరిగింది. పక్కన పద్మ, లలిత బిగుసుకుపోయారు.

కామేశ్వరిగారు ఒక్క క్షణం నన్ను చూసింది. ముఖంలో కోపం లేదు, అది ఉన్నా నాకు కాస్త ఊరటగా ఉండేది. గోడ వైపు తిరిగి చీర లోపలి నుంచి సంచి తాడు విప్పింది. తెల్లవి తన దగ్గర ఉంచుకుని, ఎర్ర సంచులన్నీ నా దోసిట్లో పోసింది.

"అరుగు మీదే అడుగుతావనుకున్నాను. రైల్లో అడుగుతావనుకున్నాను. ఇవి ఎప్పుడెప్పుడు నీ చేతిలో పెడదామా అని చూస్తున్నా. ఇన్నాళ్ళకి అడిగావు" అంది.

చీర కొనబుద్ధి కాలేదు. మడిచి పెట్టమని చెప్పి బయటికొచ్చేశాను.

డబ్బు చేతికొచ్చాక నాకు ఇంకో రోగం పట్టుకుంది. ఆవిడకంటే నేనే పొదుపుగా నడిపి చూపిస్తానని పంతం. వాళ్ళు సింహాచలం మెట్ల దగ్గర చెరుకురసం తాగితే మేం పంపు నీళ్ళు తాగాం. వాళ్ళు సిటీ బస్సు ఎక్కితే, దగ్గరే కదా అని పిల్లల్ని నడిపించాను. హార్బరులో లాంచీ ఎక్కుదామంటే నాకు నీళ్ళంటే భయమన్నాను. సత్రానికొచ్చి తెర వెనక సంచులు తడుముకుంటే బరువుగా తగిలేవి. ఇంటికెళ్ళాక మా ఆయన ముందు, మా అత్తగారి ముందు ఈ డబ్బు గుమ్మరిస్తే వాళ్ళ ముఖాలు ఎలా ఉంటాయో ఊహించుకుని మురిసిపోయేదాన్ని. అటువైపు మాస్టారు పిల్లలకి లాంచీ కబుర్లు చెబుతూ నవ్విస్తుంటే, మా పిల్లలు తెర అంచు పట్టుకుని వినేవారు.

ఆఖరి సాయంత్రం బీచికి వెళ్ళాం. ఆ రోజు కామేశ్వరిగారు పిల్లలకి అడిగినవన్నీ ఇప్పించింది. ముంత మసాలా, కాల్చిన మొక్కజొన్న పొత్తులు. లలిత, వాళ్ళ అన్నయ్య గుర్రమెక్కి ఇసకలో ఆ చివర దాకా వెళ్ళి వచ్చారు. బుజ్జి నా కొంగు పట్టుకుని గుర్రం వైపే చూస్తున్నాడు. పద్మ వచ్చి నా పక్కన కూర్చుంది. ఏడవలేదు, గొడవ చెయ్యలేదు.

"అమ్మా, ఆ డబ్బులు మళ్ళీ అత్తయ్యకే ఇచ్చెయ్యవా?" అంది.

కన్న కూతురు అడిగింది. మా ఆయన కవరు పట్టుకుని నన్ను దాటి వెళ్ళినప్పుడు కూడా అంత నొప్పి పుట్టలేదు. కామేశ్వరిగారు వినే ఉంటుంది, రెండు బారల దూరంలోనే ఉంది. కాసేపటికి లేచొచ్చి నా పక్కన ఇసకలో కూర్చుంది.

"ఎంత మిగిలిందేంటి?" అని అడిగింది.

"మీకంటే ఎక్కువే" అన్నాను ముఖం తిప్పుకుని.

"నాకేం మిగల్లేదమ్మా. మిగల్చడానికి తెచ్చానా? ఇది ఇక్కడ ఖర్చు పెట్టడానికే ఏడాదంతా కూడబెట్టా. ఊరికే జారిపోకుండా చూసుకోడానికే ఆ సంచులూ అవీ. ఆఖరి రోజు సంచులన్నీ దులిపేస్తా. మిగిలింది ఇంటికి పట్టుకెళ్తే పప్పులోకీ ఉప్పులోకీ కలిసిపోద్ది. ఇంత దూరం వచ్చి పిల్లలు ఏం చూసినట్టు?"

ఆవిడ బుజ్జి తల మీద చెయ్యి వేసింది కానీ, తన డబ్బుతో వాణ్ణి గుర్రమెక్కించలేదు. ఎక్కిస్తే నేను జీవితంలో క్షమించేదాన్ని కాదు. అది కూడా ఆవిడకి తెలుసు. "ఆ చీర ఇంకా కావాలనిపిస్తోందా?" అని మాత్రం అడిగింది.

"అనిపిస్తోంది."

"అయితే కూర్చున్నావేం? కొట్టు కట్టేస్తారు."

ముందు పిల్లలిద్దర్నీ గుర్రమెక్కించాను. బుజ్జి భయంతో అరిచిన అరుపు, దిగాక మళ్ళీ ఎక్కుతానని చేసిన అల్లరి ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. ముంత మసాలా తిన్నాం, కారానికి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాం. తర్వాత ఆదరాబాదరాగా రిక్షాలో మార్కెట్‌కి వెళ్తే చీర అక్కడే ఉంది. మళ్ళీ బేరమాడి ఇంకాస్త తగ్గించాను. కామేశ్వరిగారు కొట్టు బయట నిలబడి చూస్తోంది. ఆవిడ అన్ని రోజుల్లో తన కోసం ఒక గాజు ముక్క కూడా కొనుక్కోలేదని నాకప్పుడు తోచింది. అడిగితే, నాకేం గుర్తు రాలేదమ్మా అంది. అప్పుడైనా నాకు జాలి కలగాలి. కలగలేదు. ఏమీ అక్కర్లేకుండా ఉండటంలో కూడా ఈవిడే ముందా అనిపించింది.

నూజివీడు బస్టాండులో దిగేసరికి మా ఆయన స్కూటరేసుకుని వచ్చి నిలబడి ఉన్నారు. చొక్కా నిండా గడ్డి పరకలు. ఆయనతో పాటు ఇద్దరు వ్యాపారులు, మా కొట్టు గుమాస్తా కూడా ఉన్నారు. నా చంకలో చీర పొట్లం చూడగానే ఆయన పెదాల మీద పాత నవ్వు మొలిచింది.

"ఏంటి అక్కయ్యగారూ, మా ఆవిడ మీ చేత ఎంత ఖర్చు పెట్టించిందేంటి? తిరుగు చార్జీలు మీరే పెట్టుకున్నారా?"

వ్యాపారులిద్దరూ చూస్తున్నారు. మిగిలింది నిజంగానే కొంచెం. నేను ఆఖరి రోజు దులిపేసింది చాలానే. ఇంక ఏం చెప్పినా ఈ మాట కూడా ఇంట్లో శాశ్వతంగా ఉండిపోతుందనుకున్నాను. కామేశ్వరిగారు మరచెంబు కింద పెట్టి కొంగు సర్దుకుంది.

"నన్నడుగుతారేంటి తమ్ముడుగారూ? ఎక్కిన కాణ్ణుంచీ డబ్బు సుశీల దగ్గరే ఉంది. అంత పసిపిల్లలతో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క లోటు రాకుండా నడిపింది. మీరు చెప్పారని నేను పుచ్చుకున్నాగానీ, బస్సెక్కగానే ఇచ్చేశా. నాకెందుకండీ మీ డబ్బు?"

అంత తేటగా, తడుముకోకుండా అంది. మాస్టారు పెట్టె తాడు బిగించే పనిలో పడ్డారు. పద్మ నోరు తెరిచి నా వైపు చూసింది. నేను దాని భుజం నొక్కాను. మా ఆయన ముఖంలో నవ్వు ఆగిపోయింది. "అలాగా" అన్నారు. మిగిలిన ఎర్ర సంచీ నేను చాపితే తీసుకోలేదు. "ఉంచుకో" అన్నారు, వ్యాపారులిద్దరూ వింటుండగా.

మరుసటి సీజనుకి ఆయన బీరువా తాళాలు మా అత్తగారి దగ్గర నుంచి తెచ్చి నా చేతిలో పెట్టారు. అప్పటి నుంచి ఇంటి ఖర్చు నాది. సీజను డబ్బు నెలలవారీగా విడగొట్టి, దేనికది గుడ్డ సంచుల్లో కట్టి పెట్టేదాన్ని. గాలివానకి కాయంతా రాలిపోయిన ఏడు ఊళ్ళో చాలామంది తోటలు తాకట్టు పెట్టుకున్నారు. మా ఇంట్లో పిల్లల ఫీజు ఆగలేదు, పండగకి బట్టలు ఆగలేదు. నీ చెయ్యి మంచిది సుశీలా అని మా అత్తగారు పోయే ముందు నా చెయ్యి పట్టుకుని అన్నారు. ఈ లోపు మాస్టారికి మైలవరం వైపు బదిలీ అయి వాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు. వెళ్ళే రోజు ఆవిడ జాడీలోంచి మాగాయ తీసి పెట్టింది. తర్వాత అప్పుడప్పుడూ పెళ్ళిళ్ళలో కనపడేవాళ్ళం. బస్టాండు సంగతి నేనెత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. థాంక్స్ చెప్పాలని నోటి దాకా వచ్చేది. చెబితే ఈ తాళాల మీద ఆవిడ పేరు కూడా పడుతుందని మింగేసేదాన్ని. ఆవిడ అబద్ధం నాకు తలుపు తీసింది నిజమే, లోపల ఇల్లు నడిపింది మాత్రం నేనే కదా అని సర్ది చెప్పుకునేదాన్ని. మా ఆయన నా మీద పెట్టుకున్న నమ్మకం మాత్రం అచ్చంగా నాది అనుకునేదాన్ని.

రెండేళ్ళ కిందట లలిత ఫోను చేసి అమ్మ పోయిందని చెప్పింది. పొద్దున కాఫీల వేళ. మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ఆ వైజాగ్ డబ్బు ఆవిడ దగ్గరే ఉంది కదూ?" అన్నారు.

చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. "మీకెవరు చెప్పారు?"

"పద్మ. ఆ రోజే, స్కూటరు మీద ముందు నించోబెట్టుకుని తీసుకొస్తుంటే. 'డబ్బులన్నీ అత్తయ్య దగ్గరే ఉన్నాయి నాన్నా, అమ్మ బజార్లో దెబ్బలాడి పుచ్చుకుంది' అంది."

"తెలిసి కూడా తాళాలు నాకెందుకిచ్చారు మరి?"

ఆయన దీనికేం ఆలోచించలేదు. ఎప్పుడో తేల్చుకున్న సంగతే.

"అక్కయ్యగారు అబద్ధమాడగా నేనెప్పుడన్నా చూశానా? అలాంటి మనిషి నలుగురిలో నిలబడి నీ కోసం ఆడింది. నీ సంగతి నాకంటే ఆవిడకే బాగా తెలిసుంటుంది అనుకున్నా. ఇచ్చేశా."

నేను వంటింట్లోకి వెళ్ళిపోయి ఏడ్చాను. ఆవిడ పోయినందుకు ఏడుస్తున్నానని ఆయన అనుకున్నారు. అదీ ఉంది, లేదనను. కానీ అందులో ఎక్కువ భాగం కుళ్ళే. ఇన్నేళ్ళూ నాదనుకున్న నమ్మకం కూడా ఆవిడ పూచీ మీద వచ్చిందే. అంత మేలు చేసి, చేశానని మాట మాత్రమైనా అనకుండా, నేను తిరిగి ఇవ్వడానికి దారి లేకుండా వెళ్ళిపోయింది. బుట్టలో కాయలు పేర్చే పద్ధతి ఒక్కటి అడిగింది నన్ను, అది కూడా చెప్పకుండా దాచుకున్నాను. ఇప్పుడు చెబుదామన్నా వినడానికి ఆవిడ లేదు.